ఏడో గడిలో ఒక దెబ్బ ఎక్కువ

1వ తేదీ, సోమవారం. ఉదయం 5:20

ప్రార్థన అయింది. డైరీ మొదలు.

సంకల్పం ఒకటి: అమ్మ కట్టిన సాయంకాలపు పాటలు ఇరవై ఒకటి. రోజుకొకటి చొప్పున కంప్యూటర్లో స్వరాలుగా ఎక్కించాలి. ఇరవై ఒకటో తేదీకి పూర్తి.

సంకల్పం రెండు: కోపం తెచ్చుకోకూడదు.

కారణం కూడా రాసి పెడుతున్నాను. ఇరవై ఎనిమిదిన ప్రార్థన మందిరం వార్షికోత్సవం. ఏటా చివర పాడేది అమ్మ పాటే. అమ్మ పోయాక కూడా అదే. ఇన్నేళ్లూ హార్మోనియం తాతగారు చెవితో విని వాయించేవారు. ఇప్పుడు ఆయన చెవులు సహకరించడం లేదు. కొత్తగా కీబోర్డు టీచరమ్మ వచ్చింది. ఆవిడ కాగితం చూస్తేనే వాయిస్తుంది.

“ఇరవై అయిదుకల్లా కాగితం నా చేతిలో ఉండాలండీ. లేదంటే వేరే పాట పెట్టేసుకుందాం” అంది.

చేత్తో రాసిచ్చాను. వద్దంది.

“పోయిన వారం మీ కాగితంలో ఓ చుక్క వాయించాను చూడండి, అది దోమ.”

నిజమే. దోమే.

తమ్ముడు లిఫ్టులు బాగుచేస్తాడు. తన పాత లాప్‌టాప్ ఇచ్చి, స్వరాలు రాసే సాఫ్ట్‌వేర్ ఒకటి ఎక్కించాడు. “పూర్తిగా ఉచితం అక్కా” అన్నాడు. గాలి ఉచితం, వెలుతురు ఉచితం, ఇప్పుడు ఇది. దేవుడు దయామయుడు.

కోపం: లేదు.

అదే రోజు. సాయంత్రం 6:40

మెనూలన్నీ తెలుగులో ఉన్నాయి! ఎంత ఆనందమో!

“పాట తాళంచెవి ఎంచుకోండి” అంది. వరసలో మొదటిది ఎంచుకున్నాను. రెండు స్వరాలను కలిపే వంపు గీతకు “నింద” అని పేరు పెట్టారు. నింద జోడించాలా అని అడిగింది. వద్దన్నాను. నాకు ఆ అలవాటు లేదు.

ముందు వార్షికోత్సవం పాటే మొదలుపెట్టాను.

పొద్దు వాలింది దేవా, పని ముగిసింది దేవా,
అలసిన నా చేతులు నీ చేతిలో పెడుతున్నా.

పాటంతా గడులుగా విడగొట్టాలి, గడికి తాళం నాలుగు దెబ్బలు. మూడు గడులు అయ్యాయి. చిన్నప్పుడు మందిరంలో నేర్చుకున్న స్వరాల చుక్కలు ఇంకా మరిచిపోలేదు.

కోపం: లేదు. ఎందుకుంటుంది?

2వ తేదీ, మంగళవారం. సాయంత్రం 7:00

ఆరు గడులు! రాసింది అదే వాయించి వినిపిస్తుందట. మీట నొక్కాను. తమ్ముడు పక్కనే ఉన్నాడు.

“ఇది మా లిఫ్టులో తలుపు తెరుచుకుంటే వచ్చే పాటలా ఉందక్కా” అన్నాడు. వాడి దృష్టిలో అది మెచ్చుకోలు.

3వ తేదీ, బుధవారం. సాయంత్రం 6:30

ఏడో గడి.

“అలసిన నా చేతులు” తర్వాత పాట ఒక్క దెబ్బ ఆగుతుంది. తర్వాతే “నీ చేతిలో”. అమ్మ అలాగే పాడేది. మేమూ అలాగే పాడతాం. మందిరమంతా అలాగే పాడుతుంది.

ఆగిన దెబ్బకు గుర్తు పెట్టాను. సాఫ్ట్‌వేర్ దాన్ని ఎనిమిదో గడిలోకి తోసింది. వెనక్కి తెచ్చాను. మళ్ళీ తోసింది. తొమ్మిది సార్లు. ఒక దెబ్బ జరిగితే ఆ తర్వాత పాటంతా ఒక అడుగు జరుగుతుంది. చివర “దేవా” మిగిలిపోయి కాగితం అంచున ఒంటరిగా నిలబడింది.

కోపం: లేదు. పెన్సిల్ విరిగింది. అది పాత పెన్సిల్.

4వ తేదీ, గురువారం. ఉదయం 5:30

ప్రార్థనలో కూడా ఏడో గడే కనిపించింది.

కొత్త పద్ధతి: ఏడో గడి జోలికి పోకుండా మాటలు ఎక్కించడం.

అదే రోజు. సాయంత్రం 6:50

స్వరాల కింద “పొద్దు” అని కొట్టాను. ఒత్తు ఒక చోట, ఉకారం ఒక చోట. ఉకారం చుక్కల గుండ్రం ఒకటి పట్టుకుని వేలాడుతోంది, వరదలో చెట్టుకొమ్మ పట్టుకున్న మనిషిలా. దాన్ని కాపాడబోతే “వాలింది” కూడా విడిపోయింది.

చెల్లెలు బట్టలు కుట్టే దుకాణం కట్టేసి వచ్చింది. చూసి, “గుడ్డ అడ్డంగా కత్తిరించినట్టుందే అక్కా” అంది.

“కుట్టగలవా?”

“ఇది కుట్టినా నిలవదు. ఇప్పేయాల్సిందే.”

5వ తేదీ, శుక్రవారం. సాయంత్రం 6:15

సాఫ్ట్‌వేర్ వాళ్లకు ఉత్తరం రాసే చోటు ఒకటుంది. రాశాను. మర్యాదగానే.

“అయ్యా, మీ సాఫ్ట్‌వేర్‌కు లెక్కలు రావు. ఏడో గడిలో అయిదు దెబ్బలున్నాయి. అది నాలుగే ఉన్నాయంటోంది. నేను ఆసుపత్రి రికార్డుల గదిలో ముప్పై రెండేళ్లుగా ఫైళ్లు చూస్తున్నాను. లెక్క తప్పను. ఒత్తుల సంగతి కూడా చూడగలరు. దేవుడు మిమ్మల్ని చల్లగా చూడాలి.”

కోపం: లేదు. చివరి వాక్యమే సాక్ష్యం.

6వ తేదీ, శనివారం. ఉదయం 6:00

జవాబు వచ్చింది. రాసిన మనిషి పేరు “తాబేలు”.

“నమస్తే అండీ. లెక్క సాఫ్ట్‌వేర్‌దే కరెక్టు. గడికి నాలుగని మొదట్లో మీరే చెప్పారు, అది నమ్మింది. మధ్యలో ఒక్క గడిని పెద్దది చేసే వీలు ఇంకా లేదు. రెండేళ్లుగా రాస్తున్నాను. తెలుగు ఒత్తుల పని కూడా నా దగ్గరే ఉంది. దానికి మూడేళ్లు.”

“నాయనా, అన్నీ నువ్వే చేస్తున్నావా? జీతమెంత?” అని రాశాను.

“నాయనా కాదండీ, అమ్మాయిని. జీతం లేదు. పగలంతా పళ్ళ డాక్టర్ని. సాయంత్రం పేషెంట్లు అయిపోయాక ఇది.”

ఒక్క మనిషి. పగలు జనం పళ్ళు, సాయంత్రం నా గడి. సిగ్గేసింది.

ఈ రోజు ప్రార్థన: ఆ అమ్మాయి కోసం. ఆ అమ్మాయి ఊళ్లో ఎవరికీ పన్ను పుచ్చకుండా ఉండాలని కోరుకున్నాను. వెంటనే తప్పనిపించి వెనక్కి తీసుకున్నాను. అందరికీ పుచ్చాలని కోరుకోవడమూ కుదరదు. ఏమీ కోరుకోకుండా కాసేపు ఊరికే కూర్చున్నాను.

ఆరు రోజులు. పూర్తయిన పాటలు: సున్నా.

7వ తేదీ, ఆదివారం

రోజుకొకటి అంటే సగటున అని నా ఉద్దేశం.

12వ తేదీ, శుక్రవారం. సాయంత్రం 7:10

ఏడో గడిని పక్కనపెట్టి వేరే ఆరు పాటలు పూర్తి చేశాను! ఆరు! మాటలు లేకుండా, స్వరాలే. చిన్న పాటలే ఏరుకున్నాననేది నాకూ దేవుడికీ తెలుసు.

సంకల్పం సవరణ: ఇరవై ఒకటి కాదు, పన్నెండు. పన్నెండు కూడా మంచి సంఖ్యే.

13వ తేదీ, శనివారం. ఉదయం 6:10

పాట పాడి పంపమంది తాబేలు. ఫోన్లో పాడి పంపాను. జవాబు:

“చాలా బాగా పాడారమ్మా. ఒక మాట అంటే ఏమీ అనుకోకండి. ఏడో గడిలో ఆగుతున్నది పాట కాదు, మీరు. మాటకు అక్కడ విరుపు లేదు, రాగానికీ లేదు. ఊపిరి కూడా తీసుకోవట్లేదు. ఊరికే ఆగుతున్నారు. ఆ దెబ్బ తీసేస్తే అన్నీ నాలుగేసి సరిపోతాయి.”

మా అమ్మ ఊరికే ఆగేదట!

మా అమ్మ లాండ్రీలో పది గంటలు నిలబడి ఇస్త్రీ చేసి, ఇంటికొచ్చి, మమ్మల్ని వెనక వరసగా కూర్చోబెట్టుకుని పాడేది. ఊరికే ఏ పనీ చేసే మనిషి కాదు.

కోపం: (రెండు గంటల తర్వాత రాస్తున్నాను.) లేదు.

14వ తేదీ, ఆదివారం. మధ్యాహ్నం 3:30

సాక్షులను పిలిచాను. నా వంటగది బల్ల దగ్గర తమ్ముడు, చెల్లెలు. ఒక్కొక్కళ్లనీ విడిగా పాడించాను, కళ్లు మూసుకుని.

చెల్లెలు: ఆగింది.

తమ్ముడు: ఆగాడు.

“చూశారా!” అన్నాను. నేను అరిచానని చెల్లెలు అంటుంది. గట్టిగా చెప్పాను, అంతే.

చెల్లెలు మాత్రం తమ్ముణ్ణే చూస్తోంది. “ఒరేయ్, మళ్ళీ పాడు” అంది.

పాడాడు. “అలసిన నా చేతులు...” ఆగాడు. ఆగినప్పుడు మెడ లోపలికి లాక్కున్నాడు. చెయ్యి దానంతటదే నెత్తి మీదికి వెళ్లింది.

“ఆ చెయ్యేంట్రా?”

“ఏ చెయ్యి?”

“నెత్తి మీదున్నది.”

వాడు తన చేతిని కొత్తగా చూసినట్టు చూసుకున్నాడు. యాభైకి దగ్గరపడ్డవాడు. ఆ పాట పాడినప్పుడల్లా నెత్తి తడుముకుంటున్నట్టు వాడికే తెలియదు.

చెల్లెలు బల్ల మీద పడి నవ్వడం మొదలుపెట్టింది. “మొట్టికాయ! అక్కా, అది మొట్టికాయే! వీడు రోజూ సరిగ్గా అక్కడికొచ్చేసరికి నిద్రతో తూలేవాడు. అమ్మ వెనక్కి తిరిగి ఒక్కటిచ్చి మళ్ళీ అందుకునేది!”

అలసిన నా చేతులు. టక్. నీ చేతిలో పెడుతున్నా.

వెంటనే గుర్తొచ్చింది. అమ్మ చెయ్యి, తడి ఆరని గాజులు, టక్.

“అంటే మందిరంలో ముప్పై ఏళ్లుగా అంతమంది...” అన్నాడు తమ్ముడు.

“నీ మొట్టికాయ దగ్గర ఆగుతున్నారు.”

వాడు నెత్తి మళ్ళీ తడుముకున్నాడు, ఈసారి తెలిసే. తర్వాత, “నువ్వు బుద్ధిమంతురాలివక్కా. నీకు ఒక్కటి కూడా పడలేదు” అన్నాడు.

“అవును” అన్నాను.

15వ తేదీ, సోమవారం. సాయంత్రం 6:40

తాబేలుకు క్షమాపణ రాశాను. జరిగింది చెప్పాను. అరగంటలో జవాబు: “మా క్లినిక్‌లో నేను నవ్వడం చూసి పేషెంటు భయపడ్డాడండీ. సరే, మరి ఇప్పుడు తీసేస్తారా?”

ఆగకుండా పాడి చూశాను. నాలుగు సార్లు. గొంతు అక్కడ తలుపు దగ్గర చెప్పులు విప్పినట్టు తనే ఆగుతోంది.

తమ్ముడికి ఫోన్ చేసి తీసేయనా అని అడిగాను.

“అమ్మ నాకిచ్చిందల్లా అదేగా అక్కా. అదీ తీసేస్తావా?”

అమ్మ వాడికి సైకిల్ ఇచ్చింది, చదువు ఇచ్చింది, పెద్ద గది ఇచ్చింది. అయినా ఊరుకున్నాను.

అసలు చిక్కు వేరే ఉంది. కాగితంలో ఆ దెబ్బ లేకపోతే టీచరమ్మ ముందుకు వెళ్లిపోతుంది, మందిరమంతా అక్కడే ఆగిపోతుంది. అమ్మ పాట రెండు ముక్కలవుతుంది. ఉండాల్సిందే.

“తీయను. నీ కొత్త గడి కోసం ఎదురుచూస్తాను” అని రాశాను.

“ఇరవై మూడుకు పరీక్షించడానికి ఒకటి పంపగలనేమో. కానీ అది పచ్చిది అండీ. ఏమైనా మింగేయొచ్చు. ఉన్నవన్నీ ఇంకోచోట దాచుకోండి.”

19వ తేదీ, శుక్రవారం

పాటలు ఎక్కించలేదు. కారణాలు:
రికార్డుల గదిలో తనిఖీ.
ఎడమ కన్ను అదురుతోంది.
తాబేలు తెలుగు మెనూ మాటలు ఒకసారి చూడమంది. చూశాను. “నింద” కొట్టేసి “కలుపు గీత” అని పెట్టించాను. “తాళంచెవి” తీసేసి “శ్రుతి”. పాత మాటలు ఇంగ్లీషు నుంచి ఏదో యంత్రం మార్చిందట. ఎనభై ఏడు మాటలు సరిచేశాను. ఎంత హాయిగా ఉందో!

ఇది కూడా పాటల పనే.

సంకల్పం సవరణ: ఏడు పాటలు. ఆరు అయిపోయాయి కనుక దాదాపు పూర్తయినట్టే.

21వ తేదీ, ఆదివారం

ఇవాళ్టికి పూర్తి కావాలి అని మొదటి పేజీలో రాసి ఉంది. ఆ పేజీ తిప్పేశాను.

23వ తేదీ, మంగళవారం. సాయంత్రం 6:20

కొత్తది వచ్చింది! “గడి పెద్దది చేయి” అని మెనూలో ఉంది. ఆ మాట నాదే!

నొక్కాను. ఏడో గడి అడిగింది: ఎన్ని దెబ్బలు? అయిదు.

ఎదురు చెప్పలేదు. తోసేయలేదు. అయిదూ లోపల కూర్చున్నాయి, ఆఖరి బస్సులో అందరికీ సీటు దొరికినట్టు.

కాసేపు కళ్లు మూసుకున్నాను.

దాచుకోమన్న ఆరు పాటలను దాచుకోలేదు. రేపు దాస్తాను.

24వ తేదీ, బుధవారం. ఉదయం 5:15

తెరిచాను. ఆరు పాటలు లేవు. ఏడోది కూడా లేదు.

ముప్పై రెండేళ్లు. ఆసుపత్రిలో ఒక్క ఫైలు పోనివ్వలేదు. “ఫైలు ఎక్కడికీ పోదు, పక్క అరలో ఉంటుంది” అని కొత్తవాళ్లకు చెప్పేది నేనే. అన్ని అరలూ వెతికాను. పక్క అర లేదు.

కోపం: ఉంది.

ఉంది. చాలా ఉంది. లాప్‌టాప్ మూత గట్టిగా వేశాను. మళ్ళీ తెరిచి, ఇంకా గట్టిగా వేశాను. చెల్లెలికి ఫోన్ చేసి తాబేలును, పళ్ళను, తమ్ముడి నిద్రను, ఉచితంగా వచ్చేవన్నిటినీ తిట్టాను. గాలిని కూడా.

చెల్లెలు అంతా విని, “అక్కా, నీకు తిట్లు వచ్చా!” అంది. సంతోషంగా ఉంది దాని గొంతు.

అదే రోజు. సాయంత్రం 6:45

సంకల్పం సవరణ: ఒక్క పాట.

25వ తేదీ, గురువారం. సాయంత్రం 5:50

సెలవు పెట్టాను. ఉదయం ఆరింటి నుంచి పన్నెండు వరకు. పదహారు గడులు. ఒక్కో గడికీ ఒకసారి దాచాను. లాప్‌టాప్‌లో, తమ్ముడి ఫోన్లో, చెల్లెలి ఫోన్లో, తాబేలు దగ్గర. మొత్తం అరవై నాలుగు సార్లు. పదహారు అయ్యేసరికి తమ్ముడు ఫోన్ కట్టేశాడు.

ఏడో గడి మీద ఏదైనా చిన్న మాట రాసే వీలుంది. రాశాను.

స్వరాల కింద ఒత్తులు ఇప్పటికీ విడిపోతున్నాయి. ఆ మాటలు మటుకు ప్రింటు తీశాక పెన్సిల్‌తో రాశాను. కిటికీలు మూసి, దోమలు లేకుండా చూసుకుని.

టీచరమ్మ చేతిలో పెట్టాను. కళ్లద్దాలు పెట్టుకుని వరస వరసా చూసింది.

“అన్నీ బావున్నాయండీ. ఈ ఏడో గడి పైన ‘మొట్టికాయ’ అని ఉందేంటి? అదేం వాద్యం?”

“మా ఇంటి వాద్యం” అన్నాను.

“ఎవరు వాయిస్తారు?”

“మా అమ్మ వాయించేది. ఇప్పుడు మీరక్కడ ఊరికే ఆగితే చాలు.”

28వ తేదీ, ఆదివారం. సాయంత్రం 7:30

మందిరం నిండింది. హార్మోనియం తాతగారు మొదటి వరసలో, వినపడకపోయినా వేళ్లు ఒళ్లో ఆడిస్తూ. మూడో వరసలో నేను, తమ్ముడు, వాడికి అటు పక్క చెల్లెలు. తమ్ముడు రెండు రోజులుగా ఏదో ఆసుపత్రి లిఫ్టు మీద పనిచేసి నేరుగా వచ్చాడు.

చివరి పాట. టీచరమ్మ కాగితం సర్దుకుంది. మొదటి గడి, రెండో గడి. నేను ప్రార్థన చేయలేదు, లెక్కపెడుతున్నాను. నాలుగు. అయిదు. ఆరు.

అలసిన నా చేతులు...

టీచరమ్మ ఆగింది. మందిరమంతా ఆగింది. అంతమంది, ఒక్క దెబ్బ, సూది పడితే వినిపించేంత నిశ్శబ్దం.

ఆ నిశ్శబ్దంలో ఒక గురక.

చెల్లెలి చెయ్యి లేచింది. చూడకుండానే, పాటవైపే ముఖం పెట్టి.

టక్.

నీ చేతిలో పెడుతున్నా.

దెబ్బ తప్పలేదు. తమ్ముడు కళ్లు కూడా తెరవకుండా రెండో వరసలో వాళ్లకంటే గట్టిగా అందుకున్నాడు.

బయటకు వస్తుంటే టీచరమ్మ నా చెయ్యి పట్టుకుంది. “ఊరికే ఆగితే చాలన్నారు! మీ వాద్యం తెచ్చుకున్నారుగా!”

“మిగతావి కూడా ఇవ్వండి, వచ్చే నెల పెడదాం” అంది వెళ్తూ.

29వ తేదీ, సోమవారం. ఉదయం 5:20

ప్రార్థన అయింది. డైరీ మొదలు.

సంకల్పం ఒకటి: అమ్మ పాటలు ఇరవై. రోజుకొకటి. ఈసారి ఖాయం.

సంకల్పం రెండు: కోపం తెచ్చుకోకూడదు. సగటున.

తాబేలుకు నిన్నటి సంగతి రాశాను. ఒత్తుల పని ఈ ఏడాదిలో అయిపోతుందంది. పోయిన ఏడాదీ అలాగే అన్నానని తనే చెప్పింది. నిజాయితీ గల పిల్ల.

రెండో పాట మొదలుపెట్టాను. కొంచెం పొడుగు పాట. నోటితో అనుకుంటూ గడులు పెడుతున్నాను. అన్నీ నాలుగేసి. చకచకా వెళ్తోంది.

5:50

పదకొండో గడి. ఆరు దెబ్బలున్నాయి. రెండు ఎక్కువ.

మూడు సార్లు పాడాను. మూడు సార్లూ అక్కడ ఆగాను. మూడోసారి నా చెయ్యి ఎక్కడుందో చూసుకున్నాను. ఎడమ చెవి పట్టుకుని ఉంది.

ఈ పాట వచ్చినప్పుడు నాకు నవ్వాగేది కాదు. ఎందుకో ఇప్పుడు గుర్తులేదు. చెవి మెలిపెట్టడానికి ఒకటి, వదలడానికి ఒకటి. సరిగ్గా రెండు.

“గడి పెద్దది చేయి” నొక్కాను. ఆరు. పైన ఏమీ రాయలేదు. తమ్ముడికి ఫోన్ చేయాల్సిన అవసరం కనబడలేదు.

కోపం: లేదు.